ఇంట్లో కట్టుకున్న విమానానికి కౌల్ ఫ్లాప్‌లు: మన ఎండలకు అవసరమా?

మంగళగిరి షెడ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మంగళగిరి దగ్గర ఒక షెడ్డులో ముగ్గురు మిత్రులం కలిసి కిట్టు నుంచి కట్టుకున్న రెండు సీట్ల అల్యూమినియం విమానం ఇప్పుడు అనుమతితో ఎగురుతోంది. ఇంజను లైకమింగ్ ఓ-320, 160 హార్స్‌పవర్, ప్రొపెల్లరు స్థిర పిచ్‌ది (రెక్కల కోణం మారనిది), కౌలింగ్ (ఇంజనును కప్పే తొడుగు) ఫైబర్‌గ్లాస్‌ది. గాలి ముందున్న రెండు రంధ్రాల గుండా లోపలికి వచ్చి, సిలిండర్ల మీది చల్లార్చే రెక్కల మధ్యగా కిందికి దిగి, ఫైర్‌వాల్ (ఇంజనుకూ కాక్‌పిట్‌కూ మధ్య మంటను ఆపే గోడ) అడుగున ఉన్న ఒకే ఒక దారి నుంచి బయటికి పోతుంది.

జనవరిలో తెల్లవారుజామున, బయట 20 డిగ్రీలు ఉన్నప్పుడు, 75 నాట్ల వేగంతో పైకెక్కుతుంటే మూడో సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రత 206 డిగ్రీల దగ్గర ఆగేది. ఈ ఏప్రిల్‌లో 36 డిగ్రీల ఎండలో అదే వేగంతో ఎక్కుతుంటే 223కి చేరింది. మిగిలిన మూడు సిలిండర్లు దానికంటే పది పన్నెండు డిగ్రీలు తక్కువగానే ఉన్నాయి. ఆయిల్ ఉష్ణోగ్రత 105 వరకు వెళ్లి నిలబడుతోంది. క్రూయిజ్‌లోకి (ఎత్తు మారకుండా సాగే దశలోకి) వచ్చాక అన్నీ చల్లబడుతున్నాయి, ఆ దశలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

లైకమింగ్ గరిష్ఠ పరిమితి 260 డిగ్రీలే అయినా, ఇంజను ఎక్కువ కాలం మన్నాలంటే అధిక శక్తితో నడిపే క్రూయిజ్‌లో 224 దాటనివ్వవద్దని ఆ కంపెనీయే చెబుతోంది. రోహిణి కార్తెలో మన దగ్గర 45 డిగ్రీలు కొత్త కాదు కనుక, అప్పటికి ఈ అంకె ఎక్కడికి పోతుందోనని బెంగగా ఉంది. సెస్నా 182 విమానానికి ఉన్నట్టు కాక్‌పిట్ నుంచి తెరిచి మూసుకునే రేకు తలుపులు, అంటే కౌల్ ఫ్లాప్‌లు, కౌలింగ్ అడుగున పెడితే ఫలితం ఉంటుందా? పెడితే చేతి కేబుల్ మంచిదా, చిన్న విద్యుత్ మోటారు మంచిదా? అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరు.

పాత హ్యాంగర్ (జవాబు)

మంగళగిరి షెడ్ గారికి నమస్కారం. మీరు రెండు రుతువుల అంకెలు ఇవ్వడం వల్ల జవాబు చెప్పడం తేలికైంది. బయటి గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సిలిండర్ హెడ్ కూడా దాదాపు ఒక డిగ్రీ వేడెక్కుతుందని లెక్క వేస్తారు. అమెరికాలో చిన్న విమానాల ధృవీకరణకు 2017 వరకు అమలులో ఉన్న నియమాల్లో కూలింగ్ పరీక్ష ఫలితాలను సరిదిద్దే పద్ధతి ఇదే. మీ జనవరి, ఏప్రిల్ అంకెల మధ్య బయటి తేడా 16 డిగ్రీలు, హెడ్ తేడా 17. అంటే మీ కొలతలు నమ్మదగినవే. అదే లెక్కన 45 డిగ్రీల రోజున మీ మూడో సిలిండర్ 232 దగ్గర ఉంటుంది. మరో సంగతి కూడా గమనించండి: ఆ పాత నియమాలు సముద్రమట్టం దగ్గర కనీసం 38 డిగ్రీల రోజుకు సరిపోయేలా కూలింగ్ నిరూపించమన్నాయి. ఆ పరీక్షలో బొటాబొటిగా నెగ్గిన ఏర్పాటు గన్నవరం మే నెలకు చాలదు.

ఇక ఫ్లాప్ సంగతి. ఇంజను చల్లబడేది ముందు రంధ్రం పెద్దదైనందువల్ల కాదు, కౌలింగ్ లోపల సిలిండర్ల పైనున్న గదికీ కిందనున్న గదికీ మధ్య పీడన వ్యత్యాసం ఉండటం వల్ల. ముందు కిటికీలు ఎంత వెడల్పువైనా వెనక తలుపు మూసి ఉంటే ఇంట్లో గాలి ఆడదు కదా, ఇక్కడా అంతే. కౌల్ ఫ్లాప్ ఆ వెనక తలుపును తెరుస్తుంది. పైగా తెరుచుకున్న రేకు వెనక పీడనం తగ్గడం వల్ల గాలిని కొంత బయటికి లాగుతుంది కూడా.

క్లైంబ్‌లోనే (పైకెక్కేటప్పుడే) ఎందుకు ఇబ్బంది అంటే, ఎదురుగాలి ఇచ్చే పీడనం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. గాలివేగ సూచిక 120 నాట్లు చూపుతున్నప్పుడు ముందు రంధ్రానికి అందే పీడనం సుమారు 238 మిల్లీమీటర్ల నీటిమట్టానికి సమానం. 75 నాట్ల దగ్గర అది 93 మాత్రమే. ఇంజనేమో పూర్తి శక్తితో పనిచేస్తూ ఉంటుంది. ఎక్కువ వేడి, రెండున్నర రెట్లు తక్కువ పీడనం. క్లైంబ్‌కు సరిపోయేంత పెద్ద ద్వారాన్ని శాశ్వతంగా వదిలేస్తే క్రూయిజ్‌లో అవసరానికి మించిన గాలి ఇంజను గదిలోంచి పారి, ఆ గాలిని ఈడ్చే భారం విమానం మీద పడుతుంది. ఈ రెండింటికీ రాజీ కుదర్చడమే ఫ్లాప్ పని.

అయితే కత్తెర పట్టుకునే ముందు కొలవండి. వాడకంలో లేని గాలివేగ సూచిక ఏదైనా దొరికితే, దాని పిటాట్ వైపు (ఎదురుగాలి పీడనం అందే వైపు) గొట్టాన్ని పై గదికీ, స్టాటిక్ వైపు (బయటి నిశ్చల పీడనం అందే వైపు) గొట్టాన్ని కింది గదికీ కలపండి. అది చూపే నాట్లను పీడనంగా మార్చుకోవచ్చు. దొరకకపోతే పారదర్శక ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో వంచి రంగునీళ్లు పోసినా సరిపోతుంది. గదుల్లో పెట్టే కొస గాలి ఒరవడికి ఎదురుగా ఉండకూడదు. కొస మూసేసి, గొట్టం పక్కల నాలుగైదు సన్నని రంధ్రాలు పొడిస్తే సగటు పీడనం తెలుస్తుంది. ఇదే పరికరంతో కింది గదికీ విమానం స్టాటిక్ లైనుకూ మధ్య తేడా కూడా తీసుకోండి. కింది గది పీడనం బయటి పీడనం కంటే బాగా ఎక్కువ ఉంటేనే మీకు బయటికి పోయే దారి ఇరుకుగా ఉన్నట్టు. అలా కాకపోతే ఫ్లాప్ పెట్టినా మీ మూడో సిలిండర్ మాట వినదు.

మూడో సిలిండర్ ఒక్కటే వేడెక్కడానికి మీ ఇంజనులో వేరే కారణం ఉండే అవకాశం ఎక్కువ. ఓ-320లో కుడివైపు వెనకది మూడోది. దాని వెనక ముఖాన రెక్కల లోతు చాలా తక్కువ. వెనక బ్యాఫిల్ రేకు (గాలిని సిలిండర్ల మీదుగా మళ్లించే రేకు) ఆ ముఖానికి అంటుకుని ఉంటే గాలి దిగే సందే ఉండదు. ఆ రేకుకూ సిలిండర్‌కూ మధ్య ఒక మందపాటి వాషర్ పెట్టి కొద్దిగా ఎడం చేస్తే చాలామందికి గుణం కనిపించింది. ఎడమవైపు ముందున్న రెండో సిలిండర్ ముందు ముఖానికీ ఇదే బాధ ఉంటుంది.

గాలివాటం (జవాబు)

పాత హ్యాంగర్ గారి మాటలకు ఒక చిన్న చేర్పు. ఖర్చులేని మందు ముందు వాడండి. అడ్డంకులు దాటిన తర్వాత 75 నాట్లకు బదులు 95 నాట్లతో ఎక్కండి. ముందు రంధ్రానికి అందే పీడనం అరవై శాతం పెరుగుతుంది. ఎక్కే రేటు కొంత తగ్గితే తగ్గనివ్వండి, మన జిల్లాల్లో తొందరగా ఎక్కాల్సినంత కొండలు లేవు. జ్వలన టైమింగ్ నిర్దేశించిన దానికంటే ముందుకు జరిగి ఉందేమో, పూర్తి థ్రాటిల్‌లో ఇంధన మిశ్రమం పలుచగా ఉందేమో కూడా చూడండి. స్పార్క్ ప్లగ్ కింద వాషర్‌లా బిగించే రకం సెన్సారైతే, హెడ్‌లో ఉన్న రంధ్రంలోకి దూర్చే సెన్సారు కంటే ఎక్కువ చూపుతుంది. కంపెనీ పరిమితులు రెండో రకానికి చెప్పినవి.

నా మట్టుకు నాకు కదిలే భాగాలంటే పడదు. బయటికి పోయే దారి అంచున కిందికి వంగిన చిన్న రేకు పెదవి రివెట్ చేస్తే సగం ఫలితం వస్తుంది, తుప్పు పట్టే కీలూ ఉండదు, మరిచిపోవడానికి మీటా ఉండదు.

మంగళగిరి షెడ్

ఇద్దరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే కొలిచాను. సెన్సార్లు నాలుగూ దూర్చే రకమే, టైమింగ్ సరిగానే ఉంది. ఒకరోజు రాత్రి షెడ్డులో దీపాలార్పి, కౌలింగ్ బిగించి, కింది గదిలో ఎల్ఈడీ దీపం పెట్టి ముందు రంధ్రాల్లోంచి చూస్తే, కుడివైపు వెనక మూలన సిలికాన్ రబ్బరు పట్టీ బయటివైపు మడతపడి బెత్తెడు పొడవున వెలుతురు కనిపించింది. ఆ పట్టీని లోపలికి వంగేలా మార్చి బిగించాము. బ్యాఫిల్ మూలల్లోని సందులను వేడికి ఆగే సిలికాన్‌తో పూడ్చి, మూడో సిలిండర్ వెనక వాషర్ కూడా పెట్టాము. ఇప్పుడు మూడోది మిగిలిన వాటికి దగ్గరగా వచ్చింది; 37 డిగ్రీల రోజున 75 నాట్ల క్లైంబ్‌లో 215. ఇందులో ఏ పని వల్ల ఎంత తగ్గిందో విడదీసి చెప్పలేను, అన్నీ ఒకేసారి చేశాము కనుక.

పీడనాలు ఇవీ. 75 నాట్ల క్లైంబ్‌లో పై గది స్టాటిక్ కంటే 80 మిల్లీమీటర్లు ఎక్కువ, కింది గది 28 ఎక్కువ. అంటే సిలిండర్ల మీదుగా పనిచేస్తున్నది 52 మాత్రమే. టేపు పెట్టి ద్వారాలు కూడా కొలిచాను: ముందు రంధ్రాలు రెండూ కలిపి 290 చదరపు సెంటీమీటర్లు, వెనక ద్వారం 330. 95 నాట్లతో ఎక్కితే ఉష్ణోగ్రత బాగానే తగ్గుతోంది కానీ, మేము వాడే రన్‌వే చివర చెట్లు ఉన్నందువల్ల మొదటి కొద్ది నిమిషాలు ఆ వేగం కుదరడం లేదు.

పాత హ్యాంగర్

ఈ అంకెలు చూశాక, ఇప్పుడు ఫ్లాప్ గురించి మాట్లాడుకోవడంలో అర్థముంది. మీ 330 చదరపు సెంటీమీటర్లలోంచే రెండు ఎగ్జాస్ట్ గొట్టాలు కూడా బయటికి వస్తున్నాయి కదా. ఒక్కొక్కటి 45 మిల్లీమీటర్ల వ్యాసమనుకుంటే రెండూ కలిసి 32 చదరపు సెంటీమీటర్లు మింగేస్తాయి. మిగిలేది 298. ముందు ద్వారంతో దాదాపు సమానమే కానీ, లోపలికి 45 డిగ్రీలతో వచ్చిన గాలి సిలిండర్ల మీదుగా పోయి 110 డిగ్రీలతో బయటికి వస్తుందనుకుంటే దాని ఘనపరిమాణం ఇరవై శాతం పెరుగుతుంది. సమానమైన ద్వారం ఆ గాలికి ఇరుకే. కింది గదిలో మీరు చూసిన 28 మిల్లీమీటర్లు ఆ ఇరుకు తాలూకువే.

ఫ్లాప్ తెరిచి ఆ 28ని సున్నాకు తేగలిగితే, పై గది పీడనం మారదనుకున్నప్పుడు, వ్యత్యాసం 52 నుంచి 80కి పెరుగుతుంది. గాలి ప్రవాహం పీడన వ్యత్యాసపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి సుమారు 24 శాతం ఎక్కువ గాలి. నిజానికి ప్రవాహం పెరిగేసరికి పై గది పీడనం కొంత పడుతుంది, కాబట్టి ఇందులో కొంత కోత వేసుకోండి. అయినా విలువైన లాభమే. మీ ఆయిల్ కూలర్ వెనక బ్యాఫిల్‌కు బిగించినదైతే అది కూడా ఈ వ్యత్యాసం మీదే బతుకుతుంది కనుక దానికీ మేలు.

కొలత విషయానికి వస్తే, వెడల్పు 20, పొడవు 12 సెంటీమీటర్లు ఉన్న ఫ్లాప్‌లు అటొకటి ఇటొకటి పెట్టి 20 డిగ్రీలు తెరిస్తే, వెనక అంచు నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు దిగుతుంది. రెండింటికీ కలిపి 160 చదరపు సెంటీమీటర్లకు పైగా దారి కొత్తగా వస్తుంది. అంతకంటే ఎక్కువ కోణం తెరిచినందువల్ల ఈడ్పు (గాలి వెనక్కి లాగే బలం) పెరగడమే తప్ప కూలింగ్‌లో పెద్ద తేడా ఉండదు. ఉన్న ద్వారం చాలనప్పుడు పెదవి రేకు ఇచ్చే సాయం పరిమితమైనది, గాలివాటం గారు ఏమీ అనుకోవద్దు.

ఇక్కడ చాలామంది దాటవేసే విషయం ఒకటుంది. ఇప్పుడున్న ద్వారాన్ని అలాగే ఉంచి ఫ్లాప్‌లు మాత్రం చేర్చితే మీకు దక్కేది క్లైంబ్‌లో చల్లదనం ఒక్కటే. మూసినప్పుడు విమానం పాత విమానమే, పైగా ఒకటిన్నర కిలోల అదనపు బరువుతో. క్రూయిజ్‌లో వేగం కూడా కావాలంటే స్థిరంగా ఉండే ద్వారాన్ని తగ్గించాలి. ముందు ఫ్లాప్‌లతో ఎగిరి చూసి, మూసిన స్థితిలో క్రూయిజ్‌లో హెడ్ ఉష్ణోగ్రత 190 లోపే ఉంటుంటే, అప్పుడు ద్వారం లోపలి అంచున తాత్కాలిక రేకు బిగించి కొంచెం కొంచెంగా కుదించుకుంటూ పోండి. సెస్నా 172లో ఎక్కువ రకాలకు ఫ్లాప్ లేకపోవడానికీ 182కు ఉండటానికీ తేడా ఇక్కడే: ఇంజను శక్తి, వేగాల వ్యాప్తి పెరిగినకొద్దీ ఒకే ద్వారంతో రెండు చివరలకూ న్యాయం చేయడం కుదరదు. 1928లో నాకా (నాసాకు ముందున్న అమెరికా విమాన పరిశోధన సంస్థ) ఇంజనీర్లు తమ లాంగ్లీ ప్రయోగశాలలో రేడియల్ ఇంజనుకు (సిలిండర్లు చుట్టూ వృత్తంలా ఉండేది) కౌలింగ్ తొడిగి ఈడ్పు తగ్గించినప్పుడు వారికీ చల్లదనమే అడ్డొచ్చింది. తెరిచి మూసే ఫ్లాప్‌లు ఆ తర్వాతి తరం కౌలింగ్‌లతో వచ్చాయి.

ఆటోనగర్ రేకులు (జవాబు)

విజయవాడ ఆటోనగర్‌లో రేకు పని చేయించుకుంటూ విమానాలకు చిన్నచిన్న భాగాలు చేసిన అనుభవంతో చెబుతున్నాను. అక్కడి మేస్త్రీల చేతిలో ఇనుప రేకు వెన్నలా వంగుతుంది, కానీ 2024-టీ3 అల్యూమినియం ఇనుము కాదని వారికి ముందే చెప్పాలి. 0.8 మిల్లీమీటర్ల రేకును కత్తి అంచులా మడిస్తే మడత మీద కంటికి కనిపించని పగుళ్లు వస్తాయి. మడత లోపలి వ్యాసార్ధం మూడు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. దానికోసం బెండింగ్ మిషను దవడకు గుండ్రటి అంచున్న పట్టీ తొడిగించండి. స్క్రైబర్‌తో గీత గీయనివ్వకండి, గీత పడిన చోటే రేపు పగులు మొదలవుతుంది. పెన్సిల్ కూడా వద్దు, గ్రాఫైట్ అల్యూమినియాన్ని తినేస్తుంది. స్కెచ్ పెన్ను చాలు. వంచేముందు రేకు రోలింగ్ దిశ (తయారీలో రోలర్ల మధ్య సాగిన దిశ) చూసుకుని మడత దానికి అడ్డంగా వచ్చేలా కోయించండి.

ఫైబర్‌గ్లాస్‌లో కోత పెట్టడమంటే నాకు ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది. కోత మూలలు చదరంగా వదలకుండా గుండ్రంగా తీయాలి. కోసిన అంచు చుట్టూ లోపలివైపు అల్యూమినియం పట్టీ అంటించి రివెట్ చేయాలి, లేకపోతే ఇంజను వణుకుకు ఆ పొరలు విచ్చుకుంటాయి. పియానో కీలు (పొడవాటి పట్టీ కీలు) ముందు అంచున వస్తుంది. దాని పిన్ను స్టెయిన్‌లెస్ తీగది పెట్టి రెండు కొసలూ వంచి కట్టేయాలి. ఎగ్జాస్ట్ గొట్టం ఫ్లాప్‌కు కనీసం 25 మిల్లీమీటర్ల దూరం ఉండాలి. వేడికి ఎపాక్సీ మెత్తబడి కౌలింగ్ రంగు బుడగలు కట్టిన విమానాన్ని చూశాను కాబట్టి, ఆ దూరం ఉన్నా సరే, గొట్టానికి ఎదురుగా ఉన్న భాగంలో పలుచటి స్టెయిన్‌లెస్ రేకును కాస్త ఎడంగా కవచంలా బిగిస్తాను.

ఇక కేబులా, మోటారా అన్న ప్రశ్న. భారం ఎంతో ముందు చూసుకోండి. 240 చదరపు సెంటీమీటర్ల ఫ్లాప్ మీద 140 నాట్ల దగ్గర పూర్తి ఎదురుపీడనం పడిందనుకున్నా ఎనిమిది కిలోలకు మించదు. ఆ భారం కీలు నుంచి ఆరు సెంటీమీటర్ల దగ్గర పనిచేస్తూ, ఫ్లాప్‌ను కదిపే మీ కడ్డీ నాలుగు సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే, కడ్డీ మీద పన్నెండు కిలోలు. రెండు ఫ్లాప్‌లకు ఇరవై నాలుగు. చేతితో లాగే పుష్-పుల్ కేబుల్‌కు ఇది అసాధ్యమేమీ కాదు, కానీ మధ్యలో ఎక్కడ ఆపితే అక్కడ నిలిచేలా పళ్ల పట్టీ కావాలి.

పన్నెండు వోల్టుల లీనియర్ మోటారు (కడ్డీని ముందుకూ వెనక్కూ జరిపేది) అందంగా ఉంటుంది, ఆగిన చోట గట్టిగా నిలబడుతుంది. నాకు అభ్యంతరం కూడా అక్కడే. కరెంటు పోయినా, స్విచ్చి పాడైనా అది చివరిసారి ఆగిన చోటే బిగుసుకుపోతుంది. తెరిచి ఉండగా బిగుసుకుంటే నష్టమేమీ లేదు, కొంచెం పెట్రోలు ఎక్కువ తాగుతుంది. మూసి ఉండగా బిగుసుకుని, దిగబోతూ మళ్లీ పైకి లేవాల్సి వస్తే పూర్తి శక్తితో, తక్కువ వేగంతో, మూసిన ద్వారంతో ఎక్కాలి. ముందు అంచున కీలున్న ఫ్లాప్‌ను బయటి గాలి మూయాలని చూస్తుంది, లోపలి పీడనం తెరవాలని చూస్తుంది. ఏ వేగంలో ఏది గెలుస్తుందో కాగితం మీద తేలదు. అందుకని నేనైతే కేబుల్ పెట్టి, కేబుల్ తెగితే ఫ్లాప్‌ను తెరిచి ఉంచేలా రెండు స్ప్రింగులు చేరుస్తాను. రెండు ఫ్లాప్‌లనూ ఒకే అడ్డకడ్డీకి కలపండి, లేకపోతే ఒకటి తెరుచుకుని ఒకటి ఇరుక్కుపోయే రోజు వస్తుంది. కేబుల్ ఫైర్‌వాల్ దాటే చోట ఉక్కు బిళ్లతో, మంటకు ఆగే సీలెంట్‌తో మూయడం మరువకండి. అక్కడ ప్లాస్టిక్ గ్రోమెట్ (రంధ్రం అంచుకు తొడిగే చుట్టు) పనికిరాదు.

మంగళగిరి షెడ్

మోటారు ఆలోచన మానుకున్నాము, కేబులే. స్ప్రింగుల సంగతి మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. ఫ్లాప్‌ల కొలతలు పాత హ్యాంగర్ గారు చెప్పినవే తీసుకుంటున్నాము. కాగితాల పని గురించి ఎవరైనా చెప్పగలరా?

గాలివాటం

కీళ్ల మీద నా అయిష్టం అలాగే ఉంది కానీ, ఆ 28 మిల్లీమీటర్ల ముందు నా పెదవి రేకు నిలవదని ఒప్పుకుంటున్నాను. కాగితాల విషయానికి వస్తే, మీకు ఎగరడానికి అనుమతి వచ్చినది మీరు అప్పుడు చూపించిన నమూనాకు. కౌలింగ్ కోయకముందే మార్పు వివరం, బొమ్మలు, బరువు-సమతౌల్యం కొత్త లెక్క జతచేసి డీజీసీఏకు (పౌర విమానయాన నియంత్రణ సంస్థకు) రాసి, జవాబు చేతికి వచ్చాకే కత్తెర పట్టండి. లాగ్‌బుక్‌లో రాయడం ఒక్కటే చాలదు.

మొదటిసారి ఎగిరినప్పుడు ఫ్లాప్‌లు తెరిచి ఉంచి, తగినంత ఎత్తుకు చేరాక, ఒక్కో స్థితిలో స్టిక్ (విమానాన్ని నడిపే చేతికర్ర) మీద పడే బలం మారుతోందా, తోక వణుకుతోందా అని చూడండి. కింది నుంచి దారి తప్పిన గాలి తోక దాకా పోగలదు. ఎగ్జాస్ట్ పొగ పొట్ట వెంబడి పారే తీరు కూడా మారుతుంది కాబట్టి కాక్‌పిట్‌లో కార్బన్ మోనాక్సైడ్ సూచిక లేకుండా ఆ పరీక్షకు వెళ్లకండి. ఆయిల్‌ను కూడా మరీ చల్లార్చవద్దు: 82 డిగ్రీల దగ్గరకు చేరకపోతే అందులోని నీటితడి ఆవిరైపోదు, జనవరి ఉదయాల్లో ఫ్లాప్‌లు తెరిచి తిరిగితే మీకు ఆ తిప్పలు రావచ్చు. ఫలితాలను బయటి ఉష్ణోగ్రతతో సహా రాసుకోండి, 45 డిగ్రీలకు సరిదిద్ది ఇక్కడ పెట్టండి. స్థిర ద్వారాన్ని కుదించే పని మాత్రం వచ్చే వేసవి అంకెలు చేతికి వచ్చేదాకా ఆపండి.